వాన లేని నాడు పారే తూము



నేను ఉండేది, పనిచేసేది కువైట్ నగరంలోని షర్క్‌లో. పాత ఊరికి తూర్పు పేట ఇది. ఒకప్పుడు ముత్యాల వేటకు వెళ్ళే పడవలు ఈ ఒడ్డునే లంగరు వేసేవి. ఇప్పుడు ఇక్కడ అద్దాల భవనాలు, ఆఫీసులు, హోటళ్ళు, సూక్ షర్క్ అనే పెద్ద బజారు, దాని పక్కనే చేపల మార్కెట్టు, పడవల రేవు. సముద్రం వెంట నడిచే దారిలో వెళ్తూ రాతి కట్ట కిందికి తొంగి చూస్తే అక్కడక్కడ సిమెంటు తూములు కనబడతాయి. వీధుల మీద పడ్డ వాన నీటిని సముద్రంలోకి వదలడానికి కట్టిన తూములవి. కువైట్‌లో ఏడాది మొత్తానికి కురిసేది సుమారు 110, 120 మిల్లీమీటర్ల వాన. అది కూడా దాదాపు అంతా నవంబరుకూ ఏప్రిల్‌కూ మధ్యనే. నడి వేసవిలో చినుకన్న మాట ఉండదు.

అలాంటి దేశంలో, జూలై నెల ఎండలో, అలాంటి తూము ఒకటి పారుతూ ఉండగా చూశాను. పెద్ద ధార కాదు, చిటికెన వేలంత. తూము నోటి దగ్గర రాళ్ళకు పచ్చటి నాచు మందంగా పట్టింది. నీటి మీద నూనె తెట్టు, ఎండ పడితే రంగులు రంగులుగా మెరుస్తోంది. కాగితపు టీ కప్పులు, సిగరెట్ పీకలు ఒక మూలకు చేరాయి. ఆ నాచు చుట్టూ చేపపిల్లలు మూగి ఉన్నాయి. నాలుగడుగుల అవతల ఒక పెద్దాయన గాలం వేసుకుని కూర్చున్నాడు, సాయంత్రం కూరకి.

వాన లేదు. మరి వాన తూములో నీళ్ళెక్కడివి? ఈ పూట నేను చెప్పదలచుకున్నది ఆ నీళ్ళ గురించే.

కువైట్‌లో నేల కింద రెండు రకాల గొట్టాలు వేరువేరుగా ఉంటాయి. ఇళ్ళలో, హోటళ్ళలో సింకుల నుంచి, బాత్‌రూముల నుంచి వచ్చే మురుగు ఒక గొట్టంలో పడి శుద్ధి కేంద్రానికి పోతుంది. వీధి వారన ఇనప జాలీ కింద ఉండేది రెండో గొట్టం. అది వాన నీటి కోసం. దానికి శుద్ధి లేదు, వడపోత లేదు. జాలీలో పడ్డది పడ్డట్టే సముద్రంలో కలుస్తుంది. వాన నీరు శుభ్రంగానే ఉంటుంది కదా అన్న నమ్మకంతో కట్టిన ఏర్పాటు అది. ఆ నమ్మకం నిలబడాలంటే జాలీ పక్కన బక్కెట్టు పట్టుకుని నిలబడ్డ మనిషి సహకరించాలి.

ఆ మనిషి చాలాసార్లు మనవాడే. కువైట్‌లో విదేశీయులందరిలోకీ మన దేశం వాళ్ళమే ఎక్కువ. అందులో కడప, రాజంపేట వైపు నుంచి, కోనసీమ నుంచి, పశ్చిమ గోదావరి నుంచి వచ్చిన తెలుగువాళ్ళకు లెక్కలేదు. కార్లు కడిగేది మనం. భవనాల మెట్లు కడిగేది మనం. హోటళ్ళ వంటగదుల్లో పెనాలు తోమేది మనం. గ్యారేజీల్లో ఇంజను ఆయిలు మార్చేది, ఇళ్ళకు రంగులు వేసి బ్రష్షులు కడిగేది, ఇంటి పనుల్లో ఉండి వాకిళ్ళు కడిగేది కూడా మనమే. ఈ నగరంలో నీళ్ళు చేతిలో పట్టుకుని పనిచేసే వాళ్ళలో మన చేతులే ఎక్కువ. అందుకే ఈ మాట ప్రభుత్వాలకు చెప్పే ముందు మన వాళ్ళకు చెప్పాలనిపించింది.

ఒక రాత్రి ఒక హోటల్ వెనక సందులో ఒక కుర్రవాడు వేపుడు మూకుడులోని పాత నూనెను జాలీలో వంచుతున్నాడు. రాజోలు వైపు అబ్బాయి. ఏంటి తమ్ముడూ అంటే, "సింకులో పోస్తే లైను జామ్ అయిపోద్దన్నా, ముదీర్ తిడతాడు. ఇది వాన గొట్టమే కదా, సముద్రంలోకి పోద్ది" అన్నాడు. ముదీర్ అంటే ఇక్కడ మేనేజరు. వాడి మాటలో అబద్ధం లేదు. నిజంగానే సముద్రంలోకి పోతుంది. "మరి మీ ఊళ్ళో మంచినీళ్ళు ఎక్కడివిరా?" అని అడిగాను. "కాలవవే అన్నా. చెరువులోకి తోడి, ఫిల్టరు చేసి వదులుతారు. తాగలేం, క్యాన్ కొనుక్కుంటాం" అన్నాడు. "ఎందుకు తాగలేరు?" అంటే, "పై ఊళ్ళ వాళ్ళు అన్నీ కాలవలోనే పడేస్తారన్నా. కోళ్ళ ఈకలు కూడా కొట్టుకొస్తాయి" అన్నాడు. ఆ మాట అని కాసేపు ఊరుకున్నాడు. మూకుడులో మిగిలిన నూనెను డబ్బాలోకి వంచి లోపలికి తీసుకుపోయాడు. నేను వాడికి బోధ చేసింది ఏమీ లేదు. కాలవ కింది ఊరి వాడి కష్టం వాడికి ముందే తెలుసు. ఇక్కడ తను పై ఊరివాడినన్న సంగతే అంతవరకు తట్టలేదు.

ఇప్పుడు షర్క్ నీళ్ళ కథ కొంత చెబుతాను. ఈ దేశానికి ఏరు లేదు, చెరువు లేదు. పూర్వం ఊరి చుట్టూ ఉన్న బావుల నీళ్ళే ఆధారం, అవీ జనం పెరిగేకొద్దీ ఉప్పుబారాయి. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో పడవలు ఉత్తరాన ఇరాక్‌లోని షత్-అల్-అరబ్ నదికి వెళ్ళి, అక్కడి తియ్యటి నీటిని పీపాల్లో, తొట్లలో నింపుకుని వచ్చేవి. టైగ్రిస్, యూఫ్రటీస్ నదులు రెండూ కలిసి పారే నీరు అది. 1939లో ఆ నీటి రవాణాకు ఒక కంపెనీయే పెట్టారు. రేవు దగ్గర దించిన నీటిని గాడిదల మీద వేసుకుని ఇంటింటికీ అమ్మేవాళ్ళు. చమురు డబ్బు వచ్చాక, 1953లో షువైఖ్‌లో సముద్రపు నీటి నుంచి ఉప్పు తీసే కర్మాగారం మొదలైంది. అప్పుడు దాని సామర్థ్యం రోజుకు పది లక్షల గ్యాలన్లు. ఈ రోజు కువైట్‌లో తాగే నీళ్ళలో తొంభై శాతానికి పైగా ఆ విధంగా సముద్రం నుంచి తీసినవే.

షర్క్ నుంచి సముద్రం వెంట తూర్పుగా నడిస్తే నీలిరంగు గోళాలున్న కువైట్ టవర్లు వస్తాయి. ఇండియా నుంచి వచ్చిన ప్రతి వాడూ ముందుగా ఫోటో తీయించుకునేది అక్కడే. 1979లో తెరిచారు. ఎత్తయిన టవరు 187 మీటర్లు. చాలామంది గమనించనిది ఏమిటంటే, అవి మంచినీళ్ళ ట్యాంకులు. మూడు టవర్లలో రెండింటిలో నీరు నిలవ ఉంటుంది, ఒక్కోదాంట్లో 4,500 ఘనపు మీటర్లు. ఆ టవర్ల కాళ్ళ దగ్గర ఉన్న సముద్రమే శుద్ధి చేస్తే ఆ గోళాల్లోకి ఎక్కే నీరు అవుతుంది. కువైట్‌లోని దోహా, షువైఖ్, సబియా కర్మాగారాలు నీరు తోడుకునేది కువైట్ అఖాతం నుంచే. షర్క్ వాన తూములు విడిచేదీ ఆ అఖాతంలోకే.

ఈ అఖాతం లోతు తెలిస్తే ఎవరికైనా భయం వేస్తుంది. సగటున ఐదు మీటర్లు.  పైగా మూడు వైపులా నేల మూసుకుని ఉంది. లోపలి నీరు బయటి గల్ఫ్‌లో కలిసి కొత్త నీరు రావడానికి చాలా రోజులు పడుతుంది. వేసవిలో గాలి పడిపోయి నీరు కాగిన రోజుల్లో అందులో వేసిన మలినం అక్కడక్కడే తిరుగుతూ ఉంటుంది.

2001 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఏం జరిగిందో ఇక్కడ అప్పుడు పనిచేసిన మన పాతవాళ్ళకు గుర్తుంటుంది. అఖాతంలో చేపలు చచ్చి తేలాయి. ఒకటీ రెండూ కాదు, 2,500 టన్నులకు పైగా. ఎక్కువగా ఇక్కడి జనం ఇష్టంగా తినే మైద్ అనే చిన్న మలెట్ జాతి చేప. ఒడ్డున తెల్లగా పరుచుకుని కుళ్ళిపోయాయి. శాస్త్రవేత్తలు పరీక్షిస్తే వాటిలో స్ట్రెప్టోకాకస్ అగలాక్టియే అనే బాక్టీరియా బయటపడింది. ఎండ వేడి, కదలని నీరు, దానికి తోడు మురుగు వల్ల అఖాతంలో పేరుకున్న పోషకాలు, ఇవన్నీ కలిసి తెచ్చిన విపత్తు అని తర్వాత వెలువడిన పరిశోధన చెప్పింది. అంతకు రెండేళ్ళ ముందు, 1999లో, సూక్ష్మమైన నాచు విపరీతంగా పెరిగి సముద్రం రంగు మారింది, అప్పుడూ చేపలు చచ్చాయి. దీన్నే రెడ్ టైడ్ అంటారు.

ఎలా జరుగుతుందో రెండు ముక్కల్లో చెబుతాను, ఎందుకంటే మన చేపల చెరువుల రైతులకు ఇది అరచేతిలో ఉన్న విద్యే. నీటిలో నత్రజని, భాస్వరం ఎక్కువైతే నాచు ఒక్కసారిగా పెరుగుతుంది. పగలు ఎండలో అది ప్రాణవాయువు వదులుతుంది. రాత్రి తిరిగి పీల్చుకుంటుంది. చచ్చిన నాచు అడుక్కి దిగి కుళ్ళేటప్పుడు ఉన్న కాస్త ప్రాణవాయువునూ లాగేస్తుంది. తెల్లవారుజామున చేప నోరు పైకి పెట్టి తేలుతుంది. భీమవరం వైపు రైతు మూడు గంటలకు లేచి ఏరేటర్లు తిప్పేది ఆ గండం గట్టెక్కడానికే. అఖాతానికి ఏరేటర్లు లేవు. నత్రజని, భాస్వరం పొలంలో యూరియా నుంచి వచ్చినా, మురుగులో నుంచి వచ్చినా, సబ్బు నీళ్ళలో నుంచి వచ్చినా నాచుకి తేడా తెలియదు.

ఒక పెద్ద దెబ్బ 2009 ఆగస్టులో తగిలింది. మిష్రఫ్‌లో మురుగు తోడే పెద్ద పంపింగ్ స్టేషను పాడైపోయింది. శుద్ధి చేయని మురుగును సముద్రంలోకి వదలక తప్పలేదు. ఆ ఒడ్డున ఈత కొట్టవద్దనీ, చేపలు పట్టవద్దనీ హెచ్చరికలు వచ్చాయి. అలాంటి ప్రమాదం జరిగితే పత్రికలు రాస్తాయి, మరమ్మతు చేస్తారు. కానీ ఏడాది పొడుగునా జాలీల గుండా బొట్టు బొట్టుగా పోయేదాన్ని ఎవరు అడుగుతారు? మురుగు గొట్టాలను దొంగతనంగా వాన గొట్టాలకు కలిపేసిన చోట్లు కూడా ఉన్నాయని ఇక్కడి అధికారులే ఎన్నోసార్లు చెప్పారు. వాన తూముల దగ్గరి నీటిలో మలం తాలూకు బాక్టీరియా ఎక్కువగా ఉందని అఖాతం మీద జరిగిన పరిశోధనలు చూపించాయి. నా లెక్కలో పంపింగ్ స్టేషను కూలిపోవడం కన్నా ఈ నిత్యపు కారుడే పెద్ద దోషం. దాన్ని ఎవరూ ప్రమాదంగా చూడరు కాబట్టి అది ఆగదు.

దీనికి మొదటి వాన తోడవుతుంది. ఆరేడు నెలలు రోడ్ల మీద పేరుకున్న దుమ్ము, టైర్ల పొడి, కారిన ఇంజను ఆయిలు, బ్రేకుల లోహపు ధూళి, చెత్త, అంతా నవంబరులో ఒక్క గంట వానకు కొట్టుకుపోయి అఖాతంలో పడుతుంది. 2018 నవంబరులో వచ్చిన వానలు గుర్తున్నాయి కదా. రోడ్లు కొట్టుకుపోయాయి, విమానాశ్రయం మూసేశారు, పబ్లిక్ వర్క్స్ మంత్రి రాజీనామా చేశారు. ఆ నీరంతా ఊళ్ళోంచి బయటపడితే చాలని అందరం అనుకున్నాం. అది సముద్రంలో ఏం కలిపిందో అడిగిన వాళ్ళు తక్కువ.

సముద్రపు నీటిని మరగబెట్టి ఆవిరి పట్టి తాగుతున్నాం కదా, మలినం ఉంటే ఏమి అని ఎవరైనా అనవచ్చు. మరగబెడితే బాక్టీరియా చస్తుంది, నిజమే. కానీ చమురులోని తేలిక పదార్థాలు కొన్ని ఆవిరితో పాటే లేచి నీటిలోకి వస్తాయి. మరగబెట్టకుండా పొరల గుండా నీటిని నెట్టి ఉప్పు తీసే పద్ధతిలో అయితే నాచు ఆ పొరలను మూసేస్తుంది. 2008, 2009లలో గల్ఫ్ దక్షిణ తీరంలో వచ్చిన రెడ్ టైడ్ దెబ్బకు ఎమిరేట్స్‌లో కొన్ని నీటి కర్మాగారాలు ఆగిపోయాయి. ఎంత డబ్బున్న దేశానికైనా తోడుకునే చోట మంచి నీరు ఉండాలి.

నేల కింద ఉన్న మంచినీటి సంగతి ఇంకా బాధాకరం. కువైట్ ఉత్తర ఎడారిలో రౌదతైన్, ఉమ్ అల్-ఐష్ అని రెండు పల్లపు ప్రాంతాలు ఉన్నాయి. వేల ఏళ్ళుగా కురిసిన కొద్దిపాటి వాన నీరు చుట్టుపక్కల నుంచి వాగులై పారి, ఆ పల్లాల్లో ఇంకి, ఉప్పు నీటి మీద తియ్యటి నీటి పొరగా నిలిచింది. 1960 ప్రాంతంలో అక్కడ మంచినీరు పడింది. ఈ ఎడారి దేశంలో భూమి ఇచ్చిన అరుదైన తియ్యటి నీరు అది. 1991 యుద్ధంలో ఇరాక్ సైన్యం వెళ్ళిపోతూ ఆరు వందలకు పైగా చమురు బావులకు నిప్పు పెట్టింది. ఎడారిలో చమురు చెరువులు కట్టింది. మంటలు ఆర్పడానికి సముద్రపు నీరు ఎడారి లోపలికి తోడి కుమ్మరించారు. ఆ ఏడాది నవంబరు మొదటి వారానికి చివరి బావి ఆరింది. కానీ ఆ చమురు, ఆ ఉప్పు నీరు ఎక్కడికీ పోలేదు. తర్వాత కురిసిన ప్రతి వానా దాన్ని పల్లానికే, అంటే ఆ తియ్యటి నీటి పొర మీదికే చేర్చింది. నీటిలో చమురు జాడలు బయటపడ్డాయి. మంట ఆర్పడానికి నెలలు పట్టింది. నేలలో ఇంకినదాన్ని బయటికి తీయడం ముప్పై ఏళ్ళు దాటినా పూర్తి కాలేదు.

షర్క్ పడవలు నీళ్ళకు వెళ్ళిన షత్-అల్-అరబ్ నది గతి కూడా చెప్పాలి. 2018 వేసవిలో ఆ నది ఒడ్డునే ఉన్న బస్రా నగరంలో కుళాయి నీళ్ళు తాగి 1,18,000 మందికి పైగా ఆసుపత్రుల పాలయ్యారు. పైనుంచి వచ్చే ప్రవాహం తగ్గింది, సముద్రపు ఉప్పునీరు నది పైకి ఎగదన్నింది, ఊళ్ళ మురుగు, పొలాల నీరు, కర్మాగారాల వ్యర్థాలు అందులోకే వదిలారు. ఎనభై ఏళ్ళ క్రితం ఒక దేశం పడవలు కట్టి తెచ్చుకున్న తియ్యటి నీరు అది. రెండు మహానదుల నీరు పారే చోట ఉన్న ఊరు నీళ్ళ కోసం వీధికెక్కింది.

ఇక మన ఊళ్ళు. రాజోలు అబ్బాయి మాట దగ్గరికి వస్తాను. ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించింది 1852 నాటికి. ఆ నీరు తెచ్చే పంట కాలవలకు తోడుగా, పొలంలో మిగిలిన నీటిని సముద్రానికి దింపే మురుగు కాలవలు కూడా డెల్టాకు అంతే అవసరం. కాలవ నీరు తెస్తుంది, డ్రెయిను తీసుకుపోతుంది. రెండూ విడివిడిగా ఉంటేనే ఊరు బతుకుతుంది. ఇప్పుడు చాలా చోట్ల ఆ తేడా చెరిగిపోయింది. పంట కాలవ గట్టు మీదే మరుగుదొడ్ల గొట్టాలు తెరుచుకుంటాయి. చికెన్ కొట్టు వ్యర్థం, పెళ్ళి భోజనాల ఆకులు, ప్లాస్టిక్ గ్లాసులు అందులోకే. డ్రెయిన్లలో గుర్రపుడెక్క గుబురుగా అల్లుకుని నీరు కదలదు. శంకరగుప్తం డ్రెయిను పొడుగునా ఉప్పునీరు ఎగదన్ని కొబ్బరి చెట్లు మొవ్వు ఎండి మొండి మోడులై నిలబడ్డాయి. కువైట్‌లో జీతం తీసుకుని ఆ కొబ్బరితోట మీద అప్పు తీర్చుకుంటున్న వాళ్ళు నాకు తెలుసు.

ఏటా వేసవిలో కాలవలు కట్టేస్తారు. కట్టేసే ముందు మంచినీళ్ళ చెరువులు నింపుకుంటారు. ఆ నెలన్నర, రెండు నెలలు ఎండిపోయిన కాలవ అందరికీ చెత్తకుండీ అయిపోతుంది. జూన్‌లో కాలవలు వదిలితే ముందు వచ్చే నీరు నల్లగా, నురుగుతో, వాసనతో వస్తుంది. కువైట్ మొదటి వాన చేసే పనే అక్కడ కొత్త నీరు చేస్తుంది. అసలు నష్టం ఏమిటంటే, చెరువులు అడుగంటిన తొందరలో ఆ ముందు నీటినే కొన్ని ఊళ్ళలో చెరువులోకి తోడేస్తారు.

కంటికి కనబడే చెత్త అయినా నయం. వరి పొలంలో చల్లిన యూరియా, కొట్టిన కలుపు మందు, పురుగు మందు వాన పడితే గట్టు దాటి డ్రెయిన్లోకి, అక్కడి నుంచి కింది ఊరి బోరులోకి దిగుతాయి. మన దేశపు ప్రమాణాల ప్రకారం తాగే నీటిలో లీటరుకు 45 మిల్లీగ్రాములకు మించి నైట్రేటు ఉండకూడదు. మించితే అన్నిటికన్నా ముందు ప్రమాదం పసిపిల్లలకు, పాలపొడి కలిపేది ఆ నీటిలోనే కాబట్టి. తల్లులు ఒకటి గుర్తుపెట్టుకోండి. నీళ్ళు కాచి చల్లార్చితే క్రిములు పోతాయి. నైట్రేటు పోదు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ దాని పాలు ఇంకా పెరుగుతుంది.

కొల్లేరు సరస్సును చూస్తే అంతా ఒకే చోట అర్థమవుతుంది. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లం అది. బుడమేరు, తమ్మిలేరు దాంట్లో పడతాయి. వచ్చే నీరు ఎన్నో దారుల్లో వస్తుంది, సముద్రానికి పోయే దారి ఒక్కటే, ఉప్పుటేరు. విజయవాడ మురుగు బుడమేరులో, ఏలూరు మురుగు తమ్మిలేరులో, పై పొలాల ఎరువూ మందూ డ్రెయిన్లలో, అన్నీ అక్కడికే. దానికి తోడు సరస్సు లోపలే చేపల చెరువుల గట్లు లేచాయి. 1999లో 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సార్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలగా గుర్తింపు వచ్చింది. 2006లో గట్లు కొట్టించారు. తర్వాత మళ్ళీ వేశారు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు నీటికి దారి లేకుండా చేస్తే ఏమవుతుందో రాష్ట్రమంతా చూసింది. కొల్లేటి నీరు దోసిలితో తీసుకుని తాగేవాళ్ళమని లంక గ్రామాల పెద్దవాళ్ళు చెబుతారు. వాళ్ళ మనవలు ఇప్పుడు చుట్టూ నీళ్ళు పెట్టుకుని తాగే నీళ్ళు కొనుక్కుంటున్నారు.

భీమవరం పక్కన తుందుర్రు, చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు, రైతులు, మత్స్యకారులు చేసిన పోరాటం నాకు ఇక్కడ ఉండి కూడా మనసులో ఉంది. రొయ్యలు, చేపలు శుద్ధి చేసే ఆక్వా పార్కు వ్యర్థాలు గొంతేరు కాలవలో పడితే తమ నీళ్ళూ వేటా పోతాయని వాళ్ళు అడ్డం నిలబడ్డారు. 2016, 2017 సంవత్సరాల్లో ఆ ఊళ్ళలో 144 సెక్షను పెట్టారు, కేసులు పెట్టారు, కొందరు జైలుకు వెళ్ళారు. వ్యర్థాల నీటిని పైపు వేసి సముద్రానికి తీసుకుపోతామని ప్రభుత్వం చెప్పాల్సి వచ్చింది. ఫ్యాక్టరీలు వద్దని నేను అనను. మనకు ఉపాధి కావాలి, లేకపోతే నేను ఇక్కడ ఎందుకుంటాను? కాని కాలవ కింద ఉన్నవాడిని అడగకుండా కాలవలో కలిపే హక్కు ఎవరికీ లేదు. తుందుర్రు జనం అడిగింది అంతవరకే, అది న్యాయమైన మాట.

చేయాలంటే చేయగలరనడానికి ఇక్కడే సాక్ష్యం ఉంది. కువైట్‌లోని సులైబియాలో మురుగును శుద్ధి చేసే కేంద్రం ఒకటి 2005 ప్రాంతంలో పూర్తిగా పనిలోకి వచ్చింది. రోజుకు 3,75,000 ఘనపు మీటర్ల మురుగును శుద్ధి చేసేలా కట్టారు. సముద్రపు ఉప్పు తీసే పొరల పద్ధతితోనే మురుగును కూడా వడపోస్తారు. ఆ నీరు అబ్దలీ, వఫ్రా లాంటి చోట్ల పొలాలకు, నగరంలో రోడ్డు పక్క చెట్లకు వెళ్తుంది. పర్యావరణ రక్షణకు 2014లో 42వ నంబరు చట్టం తెచ్చారు, సముద్రాన్ని మలినం చేస్తే జరిమానాలే కాదు, జైలు శిక్షలూ ఉన్నాయి. కానీ ఎంత పెద్ద శుద్ధి కేంద్రమైనా తన దాకా వచ్చిన నీటినే శుద్ధి చేస్తుంది. జాలీలో పోసింది అక్కడికి చేరదు.

నాకు ఎప్పుడూ మనసు కలుక్కుమనేది ఒకటుంది. ఈ దేశానికి నది లేదు, అందుకని చమురు కాల్చి సముద్రం నుంచి నీరు తయారు చేసుకుంటోంది. మనకు గోదావరి ఉంది, కృష్ణ ఉంది, పెన్న ఉంది. అయినా ఇక్కడ మనం సంపాదించి పంపిన డబ్బులో కొంత, గోదావరి కాలవ ఒడ్డున ఉన్న మన ఇంట్లోనే, ఇరవై లీటర్ల క్యాను కొనడానికి పోతోంది. ఆ క్యాను నింపే ఆర్.ఓ. ప్లాంటులో ఉన్నదీ ఇక్కడి పొరల లాంటి పొరలే. నదుల మధ్య పుట్టి ఎడారి బతుకు తెచ్చుకున్నాం, మన చేతులారా.

అందుకని వింటున్న వాళ్ళను కొన్ని పనులు అడుగుతున్నాను. హోటల్ వంటగదిలో ఉన్న తమ్ముళ్ళూ, వాడిన నూనెను జాలీలోనూ సింకులోనూ పోయవద్దు. డబ్బాలో పట్టి పెట్టండి, వాడిన నూనె తీసుకుపోయే వాళ్ళు ఉన్నారు, ముదీర్‌తో మాట్లాడండి. గ్యారేజీలో ఉన్నవాళ్ళు పాత ఇంజను ఆయిలు పీపాలోనే దాచండి. కార్లు కడిగేవాళ్ళు బక్కెట్టు అడుగున మిగిలిన జిడ్డు నీటిని వీధి జాలీలో కాకుండా భవనం లోపలి మురుగు లైనులో వంచండి. పెయింటర్లు బ్రష్షులు కడిగిన నీటికీ అంతే. ఇంటి పనుల్లో ఉన్న అక్కచెల్లెళ్ళూ, వాకిలి కడిగే ముందు చెత్త ఊడ్చి ఎత్తండి, నీళ్ళతో జాలీలోకి తోయకండి. మీ మేడమ్‌కు చెబితే కాదనదు, ఈ సముద్రం చేపే వాళ్ళింట్లోనూ వండేది.

ఊళ్ళో ఉన్న మన వాళ్ళకు ఈ వారం ఫోను చేసినప్పుడు డబ్బు సంగతి, పిల్లల చదువు సంగతి అయ్యాక ఒక మాట అడగండి. కాలవలు కట్టేసినప్పుడు మన ఊరి మేర కాలవలో చెత్త తీయించారా, మంచినీళ్ళ చెరువులోకి ముందు నీరు కాకుండా నాలుగు రోజులు పోనిచ్చి తోడుతున్నారా అని. గ్రామసభలో సర్పంచ్‌ని అడగమనండి. మండలంలో తాగునీటి విభాగం వాళ్ళతో చెరువు నీరు, బోరు నీరు పరీక్ష చేయించి, ఆ కాగితం పంచాయతీ గోడ మీద అంటించమనండి. పొలం చేసే అన్నదమ్ములు వాన మబ్బు చూసి యూరియా చల్లవద్దు, మందు డబ్బాలు కాలవలో కడగవద్దు. గల్ఫ్ నుంచి డబ్బు పంపే వాడి మాటకు ఊళ్ళో ఎంత విలువ ఉంటుందో మీకు తెలుసు. గుడికీ చర్చికీ మసీదుకీ చందా పంపేటప్పుడు ఆ మాట చెల్లుబాటు అవుతుంది కదా, ఈ విషయంలోనూ చెల్లుబాటు చేసుకోండి.

ఈ ఏడాది కాలవలు వదలకముందే ఆ ఫోను చేయండి.